పైన మాడి, లోపల పచ్చిగా మిగిలే లెగ్ పీసుల సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్‌లో మీ డాబా మీద కొత్తగా కొన్న బొగ్గుల గ్రిల్లు పెట్టారు. మూత లేని చిన్న పెట్టె రకం. పన్నెండు లెగ్ పీసులకు ముందురోజు రాత్రే పెరుగు, అల్లంవెల్లుల్లి ముద్ద, కారం పట్టించి ఉంచారు. ఎర్రటి నిప్పుల మీద పరిచి, తిప్పుతూ 20 నిమిషాలు కాల్చారు. పైన నల్లగా మాడాయి, కొరికితే ఎముక పక్కన ఎర్రగా ఉంది, పిల్లలు పళ్లెం పక్కకు నెట్టేశారు. వచ్చే ఆదివారం చుట్టాలు వస్తున్నారు. ఈసారి ముందుగా కుక్కరులో ఒక విజిల్ రానిచ్చి ఆ తర్వాత కాల్చమని మీ అక్కగారి సలహా. అది సరైన పద్ధతేనా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఉడికించాల్సిన అవసరం లేదు. నిప్పులన్నీ గ్రిల్లులో ఒక పక్కకు నెట్టండి. లెగ్ పీసులను రెండో పక్కన, అంటే కింద నిప్పు లేని చోట పెట్టండి. పైన మూత వేయండి, మీ గ్రిల్లుకు మూత లేదు కాబట్టి దాని బదులు ఏం వాడాలో కింద చెబుతాను. 35 నుంచి 45 నిమిషాలు అలా మగ్గనిచ్చి, చివరి మూడు నాలుగు నిమిషాలు మాత్రం నిప్పుల మీదికి జరిపి రంగు తెప్పించండి. ఎముక పక్కన 80 – 85 డిగ్రీల సెల్సియస్ వేడి వచ్చాక దించండి.

పని ఇంతే. ఎందుకు, ఎలా అన్నది తీరిక ఉంటే చదవండి.

నేను విజయవాడలో పదకొండేళ్లు సాయంత్రం పూట కబాబుల బండి నడిపాను. ఇప్పుడు బండి తీసేశాను, విందులకు ఆర్డర్లు మాత్రం ఒప్పుకుంటాను. బండి పెట్టిన మొదటి రెండు నెలలు నేను చేసింది కూడా మీరు చేసిందే. టిక్కా ముక్క నిప్పుల మీద ఎనిమిది నిమిషాల్లో అయిపోతోంది, లెగ్ పీసు దానికంటే పెద్దది కాబట్టి ఇరవై నిమిషాలు సరిపోతుందని లెక్కవేశాను. ఆ లెక్క తప్పు. టిక్కా ముక్క రెండు అంగుళాలకు మించని, ఎముక లేని, అన్ని వైపులా ఒకే మందం ఉన్న మాంసం. లెగ్ పీసు అలా కాదు. ఒక కొస లావు, ఒక కొస సన్నం, నడుమ ఎముక, మాంసమంతా నరాలు. పైన ఉన్న అర అంగుళం ఉడికే వేడి, లోపలి ఎముక దాకా వెళ్లడానికి సమయం కావాలి. ఆ సమయమంతా దాన్ని నిప్పుల మీదే ఉంచితే పైభాగం మాడక మరేమవుతుంది?

మన భాషలో మంట వేరు, సెగ వేరు. లెగ్ పీసు ఉడకాల్సింది సెగకు. మంట చివర్లో వచ్చి రంగు వేసి పోవాలి. మీరు మంటతోనే రెండు పనులూ చేయించాలని చూశారు.

హోటల్లో లెగ్ పీసుతోనే చేసే తంగ్డీ కబాబ్ బాగా వస్తుంది కదా, వాళ్లు నిప్పుల మీదే కదా కాల్చేది అనుకోవచ్చు. తందూరులోకి ఒకసారి తొంగిచూడండి. నిప్పులు అడుగున ఉంటాయి, ఊచకు గుచ్చిన మాంసం వాటికి చాలా ఎత్తులో ఉంటుంది. కాలిన మట్టిగోడ నాలుగు వైపుల నుంచి వేడి విసురుతుంది. పైగా తెలిసిన వంటవాళ్లు దాన్ని ఒక్క దఫాలో కాల్చరు. సగానికి పైగా అయ్యాక ఊచ బయటికి తీసి, కాసేపు నీరు కారనిచ్చి, నూనో వెన్నో రాసి, మళ్లీ లోపలికి దించుతారు. మూత వేసిన గ్రిల్లు ఈ తందూరుకు తమ్ముడి వరస. మూత లేని గ్రిల్లు ఒట్టి కుంపటి. కుంపటి మీద మొక్కజొన్న కంకులు కాలుతాయి, లెగ్ పీసులు ఉడకవు.

మూత లేకపోతే

కొత్త గ్రిల్లు కొననక్కరలేదు. ఇంట్లో అటక మీద పాత అల్యూమినియం బేసిన్ ఉంటుంది, లేదా లోతైన ఇనుప బాణలి. దాన్ని లెగ్ పీసుల మీద బోర్లించండి. ప్లాస్టిక్ పిడి ఉన్నవి, పూత ఉన్నవి, జింకు పూసిన బకెట్లు మాత్రం వద్దు. జింకు బాగా వేడెక్కితే వచ్చే పొగ మంచిది కాదు. నేను ఆరేళ్లు ఒక పాత బాణలినే బోర్లించి నడిపాను. దాని లోపల పట్టిన మసి చూసి మా ఆవిడ దాన్ని వంటింటి గడప తొక్కనివ్వలేదు.

బోర్లించిన గిన్నె అంచు ఒకవైపు చిన్న రాయి మీదో మడిచిన రేకు ముక్క మీదో ఆని, వేలు దూరేంత సందు ఉండాలి. సందు లేకపోతే గాలి ఆడక పొగ లోపలే తిరిగి మాంసం చేదెక్కుతుంది. ఆ సందు నిప్పులకు ఎదురు వైపున పెట్టండి. పొగ మాంసం మీదుగా సాగి బయటికి పోతుంది.

గుండ్రటి మూత గ్రిల్లు కథ ఒకటి సరదాగా చెబుతాను. షికాగో దగ్గర వెబర్ సోదరుల లోహపు కార్ఖానాలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన పనిచేసేవాడు. అక్కడ నీటిమీద తేలే గుండ్రటి ఇనుప బోయాలు తయారయ్యేవి. గాలికి నిప్పులు చెదిరి, బూడిద మాంసం మీద పడుతుంటే విసుగెత్తి, 1952లో ఆయన ఆ గోళాన్ని రెండు చెక్కలుగా కోయించి, కింది చెక్కకు కాళ్లు, పై చెక్కకు పిడి పెట్టించాడు. ఇప్పుడు అందరూ చూసే కెటిల్ గ్రిల్లు అదే. బాణలి బోర్లించేటప్పుడు మనం చేసే పని కూడా దాదాపు అదే కాబట్టి చిన్నతనం అనుకోకండి.

బొగ్గు

మార్కెట్లో రెండు రకాలు దొరుకుతాయి. కట్టెబొగ్గు, పొడిని అచ్చుపోసిన ఇటుకల లాంటి బొగ్గు. కట్టెబొగ్గు తొందరగా అంటుకుంటుంది, వేడి ఎక్కువ, తొందరగా అయిపోతుంది. అచ్చుబొగ్గు నిదానంగా అంటుకుని చాలాసేపు ఒకే తీరుగా కాలుతుంది. లెగ్ పీసులకు రెండోది హాయి, కానీ నేను కట్టెబొగ్గుతోనే చేస్తాను. అలవాటు ఒకటి, ధర ఒకటి. కోస్తాలో సరుగుడు బొగ్గు, మిగతాచోట్ల సర్కారు తుమ్మ బొగ్గు దొరుకుతుంది. తుమ్మ బొగ్గు గట్టిది, ఎక్కువసేపు నిలుస్తుంది. మీ వీధిలో బొగ్గుల ఇస్త్రీపెట్టె వాడే బండి ఉంటే ఆయన్నే అడగండి, ఎక్కడ కొంటాడో చెబుతాడు. అందంగా కట్టిన రెండు కిలోల సంచి ధరకు అక్కడ నాలుగైదు కిలోలు వచ్చినా ఆశ్చర్యం లేదు. కొబ్బరి చిప్పల బొగ్గూ మంచిదే, కాకపోతే పలచటి చిప్పలైతే గబగబా కాలిపోతాయి. రాక్షసి బొగ్గు మాత్రం తిండి దగ్గరికి రానివ్వకండి.

ఆరు లెగ్ పీసులకు కిలో బొగ్గు సరిపోతుంది. అంటించడానికి కిరోసిన్, పెట్రోలు వాడకండి. ప్రమాదం సంగతి అలా ఉంచితే, ఆ వాసన మాంసానికి పట్టిందంటే ఏ మసాలా దాన్ని కప్పలేదు. నేను చేసేది చెబుతాను. 15 కిలోల నూనె డబ్బాకు మూతా అడుగూ కోసేసి, కింది అంచుకు నాలుగు వేళ్లపైన చుట్టూ రంధ్రాలు కొట్టి, వాటిలోంచి రెండు ఇనుప చువ్వలు అడ్డంగా దూర్చాను. చువ్వల మీద బొగ్గు నిలుస్తుంది. కింద రెండు కొబ్బరిపీచు ఉండలు, నాలుగు కర్పూరం బిళ్లలు. అగ్గిపుల్ల గీసి పక్కకు తప్పుకుంటే చాలు, గాలి కింది నుంచి తోసుకుంటూ పైకి పోతుంది. విసనకర్రతో పని లేదు. కొత్త డబ్బా అయితే మొదటిసారి మాంసం లేకుండా ఒక దఫా కాల్చి, పైనున్న రంగులు పోనివ్వండి.

పదిహేను, ఇరవై నిమిషాల్లో పై బొగ్గు అంచులకు బూడిద పూత వస్తుంది. బొగ్గు నల్లగా కనిపిస్తున్నంతసేపు మాంసం పెట్టకండి. సగం అంటుకున్న బొగ్గు పొగ దట్టంగా, తెల్లగా వస్తుంది. ఆ పొగ చేదు. ఎర్రగా రగిలి పైన పలచగా బూడిద కప్పుకున్న నిప్పుకు పొగ దాదాపు ఉండదు.

ఇక అరచేతి పరీక్ష. గ్రిల్లు ఊచలకు జానెడు కంటే కొంచెం తక్కువ ఎత్తులో అరచెయ్యి పెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. నిప్పుల వైపున రెండు మూడు అంకెలకే చెయ్యి వెనక్కి తీయాలి. నిప్పు లేని వైపున ఆరేడు అంకెల దాకా ఉంచగలగాలి. అక్కడ కూడా మూడుకే తీసేస్తున్నారంటే నిప్పులు దగ్గరగా ఉన్నట్టు. పదిదాకా హాయిగా ఉంటే సెగ చాలదు, ఇంకో నాలుగు బొగ్గులు చేర్చండి. మూత కింద ఎంత వేడి ఉందో చూసే సాధనం ఉంటే 180 – 200 డిగ్రీల మధ్య ఉంచండి.

80 దాటాలని ఎందుకంటున్నాను

కోడిమాంసంలో ఉండే సూక్ష్మక్రిములు చావడానికి 74 డిగ్రీలు చాలు. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే 165 ఫారెన్‌హీట్ అదే. కానీ 74 దగ్గర దించిన లెగ్ పీసు తిని చూడండి. ప్రమాదం లేదు, రుచీ లేదు. రబ్బరులా సాగుతుంది, నరం పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. కోడి రోజంతా నిలబడేది ఆ కాళ్ల మీదే కాబట్టి అక్కడ కండను పట్టి ఉంచే పీచు, నరం ఎక్కువ. అది కరిగి జిగురుగా మారడానికి ఇంకాస్త వేడి, ఇంకాస్త సమయం కావాలి. 80 దాటాక మాంసం ఎముకను వదలడం మొదలుపెడుతుంది. బ్రెస్ట్ ముక్కను 85 దాకా తీసుకెళితే రంపపు పొట్టులా అవుతుంది. లెగ్ పీసుకు ఆ భయం లేదు. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను ఎప్పుడూ లెగ్ పీసులతోనే మొదలుపెట్టమంటాను, ఐదు నిమిషాలు ఎక్కువైనా క్షమిస్తుంది.

ఒక సూది థర్మామీటరు కొనండి. వంటకు వాడేది, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. లావు భాగంలో గుచ్చండి, సూది మొన ఎముకకు తగలకుండా చూసుకోండి, తగిలితే అంకె తప్పు చూపిస్తుంది. కొనగానే మరిగే నీళ్లలో పెట్టి సరిచూడండి. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మీ ఇంట్లో నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. 100 చూపించలేదని దుకాణం వాడితో గొడవ పెట్టుకోకండి. నిండా ఐసు ముక్కలు వేసి కలిపిన నీళ్లలో మాత్రం ఎక్కడైనా సున్నాయే చూపించాలి.

ఇప్పుడు మీరు భయపడిన ఎరుపు గురించి. 20 నిమిషాల్లో మాడ్చినప్పుడు కనిపించింది పచ్చిదనమే అయి ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ ఆదివారం అన్నీ సరిగ్గా చేశాక కూడా ఎముక పక్కన ఎర్రటి చార కనిపించవచ్చు. బ్రాయిలర్ కోడి ఆరు వారాల అటూఇటూ వయసులోనే కోతకు వస్తుంది. దాని ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. లోపలి మూలుగ రంగు ఎముక గోడలోంచి ఊరి మాంసానికి అంటుకుంటుంది. గడ్డకట్టించి కరిగించిన కోడిలో ఇది మరీ ఎక్కువ. రంగును బట్టి ఉడికిందో లేదో తేల్చలేం. 82 చూపించిన ముక్క ఎర్రగా ఉండగా చూశాను. మసాలా ఎరుపు వల్ల ఉడికినట్టే కనిపించి, 60 కూడా దాటని ముక్కనూ చూశాను. రెండోదే అసలు ప్రమాదం.

థర్మామీటరు ఆదివారంలోపు దొరకకపోతే మూడు గుర్తులు చూడండి. సన్న కొస దగ్గర మాంసం పైకి జరిగి ఎముక ఒక అంగుళం బయటపడాలి. పట్టకారుతో ఆ ఎముకను పట్టి మెలితిప్పితే లోపల కదిలినట్టు తెలియాలి. లావు భాగంలో పుల్ల గుచ్చితే కారే నీరు తేటగా ఉండాలి. మూడూ కనిపించాక కూడా అన్నింటికంటే లావుగా ఉన్న ముక్కను వంటవాడి వాటాగా పక్కన పెట్టుకుని, దాన్ని ఎముక దాకా చీల్చి చూడండి. పిల్లలకు పెట్టేముందు ఆ ఒక్క ముక్క పోయినా నష్టం లేదు.

మసాలా, గాట్లు, చర్మం

మీ మసాలాలో నాకు పెద్ద తప్పేమీ కనిపించలేదు, ఒక్క పెరుగు తప్ప. నీళ్ల పెరుగు పూసిన ముక్క మొదటి పది నిమిషాలు కాలదు, ఉడుకుతుంది. నీరంతా కారి నిప్పుల మీద పడి బూడిద లేస్తుంది. పెరుగును పలచటి గుడ్డలో మూటకట్టి రెండు మూడు గంటలు వేలాడదీయండి. కిలో మాంసానికి అలా గట్టిపడిన పెరుగు ఒక చిన్న కప్పు చాలు. ఉప్పు కిలోకు 12 – 15 గ్రాములు, అంటే తల కొట్టిన టీ స్పూనుతో రెండు నుంచి రెండున్నర. చాలామంది మసాలా ఏడెనిమిది రకాలు వేసి ఉప్పు దగ్గర చెయ్యి ముడుచుకుంటారు. లెగ్ పీసు లోపలికి దిగేది ఆ ఉప్పు ఒక్కటే. మిరియాలు, గరం మసాలా, కసూరి మేథీ అన్నీ పైనే ఉండిపోతాయి. ఎన్ని గంటలు నానబెట్టినా అంతే.

అందుకే గాట్లు. లావు భాగంలో రెండు వైపులా రెండేసి, ఎముకకు కత్తి తగిలేదాకా పెట్టండి. మసాలా దిగడమే కాదు, సెగ కూడా ఎముక దాకా పోతుంది. సన్న కొస దగ్గర గిలక పైన కత్తితో చుట్టూ ఒకసారి తిప్పి నరాలు తెంచేయండి. కాలేకొద్దీ మాంసం పైకి ముడుచుకుని చేతికి ఎముక పిడిలా మిగులుతుంది. చుట్టాలకు చూడటానికీ బాగుంటుంది. తెగిన నరాల కొసలు తెల్లటి పుల్లల్లా బయటికి వస్తే పట్టకారుతో లాగేయవచ్చు.

నిమ్మరసం రాత్రంతా ఉంచకండి. పైపొర సుద్దలా అవుతుంది. కాల్చే అరగంట ముందు కలపండి, లేదా తినేటప్పుడు పిండుకోండి. పచ్చి బొప్పాయి ముద్ద అసలే వద్దు. అది ముదురు మేకమాంసానికి పనికొస్తుంది, బ్రాయిలర్ కాలుకు వేస్తే పొద్దునకల్లా పైపొర పేస్టు. తేనె, పంచదార, టొమాటో కెచప్, సీసాలో వచ్చే తియ్యటి సాసులు ఏవైనా సరే చివరి ఐదు నిమిషాల్లోనే పూయాలి. మొదట పూస్తే అవే ముందు మాడతాయి. మీరు పట్టించిన వాటిలో తేనె ఉందో లేదో రాయలేదు, ఉంటే మీ నలుపులో సగం దానిదే.

మన దగ్గర చికెన్ కొట్టులో అడగకపోతే చర్మం తీసేసి ఇస్తారు. చర్మం లేని లెగ్ పీసు తొందరగా పైన ఎండిపోతుంది, అందుకే గట్టి పెరుగు పూత అవసరం. నిప్పు లేని వైపున మగ్గుతున్నప్పుడు సగం సమయానికి ఒకసారి నూనె రాయండి. గిన్నెలో ముంచి ధారగా పోయకండి, కుంచెతో తడి చేసినట్టు రాస్తే చాలు. చర్మంతో తెచ్చుకుంటే పద్ధతి వేరు. పెరుగు వద్దు. ఉప్పు, పసుపు, కారం రుద్ది, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచి చర్మం ఆరనివ్వండి. దాని కొవ్వు కరిగి నిప్పుల మీద పడితే మంటలు లేస్తాయి కాబట్టి చివరి మూడు నిమిషాలు పట్టకారు చేత్తోనే ఉండాలి, ఫోను కాదు. నాకు వ్యక్తిగతంగా చర్మంతోనే ఇష్టం. మా బండి దగ్గర మాత్రం పదిమందిలో ఇద్దరే అడిగేవారు.

కుక్కరు సంగతి

మీ అక్కగారు చెప్పిన పద్ధతి తప్పు అనలేను. నేనూ చేశాను. ఒక నిశ్చితార్థానికి రెండు వందల లెగ్ పీసులు ఒప్పుకుని, ఉన్న గ్రిల్లులు చాలక, పసుపు ఉప్పు వేసిన నీళ్లలో ముందే ఉడికించి తీసుకెళ్లాను. చూడటానికి బాగున్నాయి, ఒక్కటి కూడా మిగల్లేదు. కానీ రుచి నీళ్లలోనే మిగిలిపోయిందని నాకు తెలుసు. ఆ ఉడికించిన నీళ్లు మర్నాడు మా ఇంట్లో చారుగా తాగితే అదిరిపోయింది. పైగా ఉడికిన మాంసం మీద మసాలా పూతలా నిలుస్తుంది తప్ప పట్టుకోదు.

తప్పదంటే నీళ్లు పోయకుండా, మసాలాతో సహా మందపాటి గిన్నెలో మూతపెట్టి సన్నటి సెగ మీద పూర్తిగా మగ్గించి, వెంటనే నిప్పుల మీద రంగు తెప్పించండి. సగం ఉడికించి పక్కన పెట్టి, సాయంత్రం కాలుద్దాంలే అన్న ఆలోచన మాత్రం చేయకండి. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న మాంసంలో క్రిములు పెరిగినంత వేగంగా ఇంకెక్కడా పెరగవు. పచ్చి ముక్కలైనా సరే, ఎండాకాలం డాబా మీద గంటకు మించి బయట ఉంచవద్దు. నిప్పు సిద్ధమయ్యాకే ఫ్రిజ్ తలుపు తీయండి. పచ్చి ముక్కలు తెచ్చిన పళ్లెంలోనే కాలినవి పెట్టడం, అడుగున మిగిలిన మసాలాను చివర్లో పైన పూయడం నేను విందుల్లో చాలాసార్లు చూశాను. ఆ మసాలా కావాలంటే ముందే కొంత విడిగా తీసి పెట్టుకోండి.

ఆదివారానికి

మీ పెట్టె గ్రిల్లులో సగం నిప్పులకు పోతే మిగిలిన సగంలో పన్నెండు పట్టవు. ఒకదాని మీద ఒకటి పేర్చకండి. ఆరేసి చొప్పున రెండు దఫాలు పెట్టండి. చుట్టాలు ఎనిమిదికి తింటారనుకుంటే ఆరింటికి బొగ్గు అంటించాలి. ఆరూ ఇరవైకి మొదటి దఫా, ఏడూ ఐదుకు రెండో దఫా. లావు కొస నిప్పుల వైపుకు, సన్న కొస బయటికి ఉండేలా పెట్టండి. ఇరవై నిమిషాలకు ఒకసారి తిప్పి, నిప్పులకు దగ్గరగా ఉన్నవాటిని దూరం, దూరంగా ఉన్నవాటిని దగ్గర చేయండి. అంతకుమించి మూత ఎత్తకండి. ఎత్తిన ప్రతిసారీ లోపలి సెగంతా ఆకాశంలోకి పోతుంది. కట్టెబొగ్గు అరగంటకు నీరసిస్తుంది కాబట్టి నూనె డబ్బాలో ఇంకొన్ని బొగ్గులు రగిలించి సిద్ధంగా ఉంచుకోండి. చల్లటి నల్ల బొగ్గు నేరుగా వేస్తే మళ్లీ చేదు పొగ మొదలవుతుంది. దించాక ఐదు నిమిషాలు పళ్లెంలో వదిలేసి అప్పుడు వడ్డించండి. మొదటి దఫాను మూతపెట్టిన గిన్నెలో ఉంచి, వడ్డించే ముందు ఒక్క నిమిషం నిప్పులు చూపిస్తే మళ్లీ వేడిగా ఉంటాయి.

డాబా మీద గాలి ఎక్కువగా ఉంటే పిట్టగోడ చాటున పెట్టండి. వాన వస్తే ఇంట్లోకి, మూసిన బాల్కనీలోకి తేవద్దు. రగిలే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. పొగ లేదు కదా అనుకుని గదిలో పెట్టుకుంటే మనిషి నిద్రలోనే పోతాడు. వాన ఆగకపోతే ఆ రోజు లెగ్ పీసులు పెనం మీద వేపుడు చేసుకోండి.

బూడిద గురించి ఒక్క మాట, ఎందుకంటే దెబ్బ తిన్నాను. ఒక రాత్రి విందు అయ్యాక నిప్పులు ఆరాయనుకుని బూడిదంతా ప్లాస్టిక్ చెత్తబుట్టలో పోశాను. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంది. తెల్లవారి చూస్తే బుట్ట లేదు, నేల మీద నీలం రంగు అట్టులా పరుచుకుని ఉంది. బూడిద కింద నిప్పు మర్నాటి దాకా బతుకుతుంది. గ్రిల్లులోనే వదిలేసి, మర్నాడు నీళ్లు చల్లి, ఇనుప డబ్బాలోకి ఎత్తండి.

మీ అక్కగారి మాట కాదన్నారని ఇంట్లో గొడవ రాకుండా ఒక ఉపాయం ఉంది. పన్నెండింటిలో రెండింటిని ఆవిడ చెప్పినట్టే ఉడికించి కాల్చండి. ఎముకకు దారం కట్టి గుర్తు పెట్టుకుని, ఏవి ఏవో చెప్పకుండా అన్నింటితో పాటే వడ్డించండి. ముందుగా పిల్లలకు ఇచ్చి చూడండి. ఏ పళ్లెంలో ఎముక శుభ్రంగా మిగిలిందో ఇక్కడ రాయండి, నాకూ తెలుసుకోవాలని ఉంది.